గాయానికి లెక్క

కొన్నేళ్ళ క్రితం బెంగుళూరులో మా చెల్లెలింటికి వెళ్ళినప్పుడు మేనల్లుడు తన మిత్రులతో పాటు నన్నూ ఒక ఆటకు కూర్చోబెట్టాడు. బల్ల మీద చదరంగపు పలక లేదు, పేకముక్కలూ లేవు. తలా ఒక కాగితం, ఒక పెన్సిలు, నాలుగు ముఖాల దగ్గరనుండి ఇరవై ముఖాల దాకా రకరకాల పాచికలు. ఒకడు కథ నడిపేవాడు, మిగిలినవారు తలా ఒక పాత్రను పట్టుకొని ఆ కథలో నడిచేవారు. నా వయస్సును గౌరవించి కాబోలు, నాకొక ముసలి యోధుడి పాత్రను ఇచ్చారు. నా కాగితం మీద ఒక మూల 22 అన్న అంకె వేసి ఉంది. ఇదేమిటని అడిగితే, "అది నీ ప్రాణం మామా, జాగ్రత్తగా వాడుకో" అన్నాడు అల్లుడు.

అరగంట గడిచేసరికి కథలో ఒక దొంగ కొడవలి ఎత్తి నా యోధుడి మీద పడ్డాడు. పాచిక దొర్లింది. ఎనిమిది. 22 కొట్టివేసి 14 వేసుకొమ్మన్నారు. ఆపైన కథకుడు నా వైపు తిరిగి, "దెబ్బ ఎక్కడ తగిలిందో, ఎలా తగిలిందో మీరే చెప్పండి, కథలో కలుపుకుంటాం" అన్నాడు. "భుజం" అన్నాను. ఆ పైన మాట రాలేదు. పిల్లలు నేను ఆలోచిస్తున్నానని అనుకొని కాసేపు ఓపిక పట్టి, తరువాత ఆటను ముందుకు నడిపించారు.

ఆనాటి నుండి ఈ విషయం నన్ను వదలలేదు. ఒక గాయాన్ని అంకెగా మార్చడం ఎవరు మొదలుపెట్టారు? అంకెగా మార్చిన గాయాన్ని మళ్ళీ మాటగా మార్చడం ఎందుకింత కష్టం? అప్పుడప్పుడు చదివి తెలుసుకున్నదీ, మా జమ్మలమడుగు ప్రాంతంలో కళ్ళారా చూసినదీ కలిపి ఇక్కడ వ్రాస్తున్నాను.

*

ఈ రకం ఆటలకు మూలపురుషుడని చెప్పదగినది 1974లో అమెరికాలో వెలువడిన డంజన్స్ అండ్ డ్రాగన్స్. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు దాని కర్తలు. ఆటలో ప్రతి పాత్రకూ ఉండే ఆ అంకెను వాళ్ళు హిట్ పాయింట్లన్నారు. నేను ప్రాణాంకాలు అంటాను.

ఆశ్చర్యకరమైన విషయమేమిటంటే, ఈ ప్రాణాంకాలు మనిషి ఒంటిని చూసి పుట్టినవి కావు, ఓడలను చూసి పుట్టినవి. ఆర్నెసన్ అంతకుముందు అమెరికా అంతర్యుద్ధం నాటి ఇనుప ఓడల పోరాటాల మీద ఆటలాడేవాడు. ఓడకు ఒక గుండు తగిలితే అది వెంటనే మునగదు. కొన్ని దెబ్బలు ఓర్చుకుంటుంది, లెక్క పూర్తయిన తరువాత మునుగుతుంది. 1971లో గైగాక్స్ తదితరులు ప్రచురించిన చైన్‌మెయిల్ అనే యుద్ధక్రీడలో మామూలు సైనికుడు ఒక్క దెబ్బకు చచ్చేవాడు, వీరుడు పడాలంటే ఒకే విడతలో నలుగురి చావుకు సరిపడే దెబ్బలు తగలాలి. ఆర్నెసన్ ఆటలో కూర్చున్నవాళ్ళకు తమ వీరుడు ఒక్క పాచికతో చచ్చిపోవడం నచ్చలేదు. అందుకని ఆయన ఓడ లెక్కను తెచ్చి మనిషికి తగిలించాడు. అంతకుముందు, 1824లో ప్రష్యా సైన్యానికి రైస్విట్జ్ అనే అధికారి తయారు చేసిన యుద్ధక్రీడలోనూ దళాల నష్టాన్ని అంకెలతోనే లెక్కించేవారు. అయితే అక్కడ తరిగేది దళం, మనిషి కాదు.

కాబట్టి ప్రాణాంకం పుట్టుకలోనే ఒక దయ ఉంది, ఒక అబద్ధమూ ఉంది. ఆడేవాడు కథలో మరికొంతసేపు ఉండాలన్నది దయ. ఆ లోపల తగిలే దెబ్బ ఏదీ దెబ్బ కాదన్నది అబద్ధం. ఆ ఆటలో 22 ఉన్న యోధుడూ, 1 మాత్రమే మిగిలిన యోధుడూ ఒకే బలంతో కత్తి తిప్పుతారు. సున్నాకు చేరితేనే పడతారు. ఈ చిక్కు గైగాక్స్‌కు తెలియకపోలేదు. 1979లో కథకుల కోసం వ్రాసిన నియమగ్రంథంలో ఆయన, ఈ అంకె కేవలం రక్తమాంసాలది కాదనీ, అందులో యోధుడి నేర్పూ, అదృష్టమూ, దైవానుగ్రహమూ కలిసి ఉన్నాయనీ వివరణ ఇచ్చుకున్నాడు. అంటే అంకె తగ్గినప్పుడల్లా నెత్తురు కారినట్టు కాదు, వీరుడి అదృష్టం కొంత ఖర్చయినట్టు. వివరణ బాగున్నది. కాని బల్ల దగ్గర కూర్చున్నవాడు మాత్రం "దెబ్బ ఎక్కడ తగిలింది?" అనే అడుగుతాడు.

*

మన ఆటల్లో ఈ లెక్క ఉన్నదా అని వెదికాను. పులివెందుల పేరులోనే పులి ఉన్నది గనుక పులిజూదంతో మొదలుపెడదాం. మూడు పులులు, పదిహేను మేకలు. పులి దూకితే మేక పోతుంది, గాయపడటమన్నది లేదు. పులికైతే చావు కూడా లేదు, అది కదలలేకుండా కట్టుబడిపోతుంది, అంతే. పచ్చీసులో చచ్చిన కాయ ఇంటికి వెళ్ళి మళ్ళీ పుడుతుంది. చదరంగంలో ఏనుగైనా బంటైనా ఒక్క ఎత్తుకు పలక దిగవలసినదే. మన బల్ల ఆటల్లో చావు ఉన్నది, పునర్జన్మ ఉన్నది, బంధనం ఉన్నది. గాయం మాత్రం లేదు.

గాయం ఉన్న ఆట ఒకటే నాకు గుర్తున్నది, అది వీధిలోని బొంగరాల ఆట. ఓడినవాడి బొంగరాన్ని నేల మీద పెట్టి గెలిచినవాళ్ళు తమ బొంగరపు ములికితో పొడిచేవారు. ప్రతి పోటుకూ చెక్క మీద ఒక గుంట పడేది. ఏ గుంట ఎవడు పెట్టినదో నెలల తరువాత కూడా చెప్పగలిగేవాళ్ళం. గుంటలు ఎక్కువైన బొంగరం తూకం తప్పి వణుకుతూ తిరిగేది. ఒకనాడు నిలువునా పగిలేది. ప్రాణాంకాలు కనిపెట్టినవారు ఓడను కాక బొంగరాన్ని చూసి ఉంటే ఆ ఆట మరోలా ఉండేదేమో!

కావ్యాలలో గాయాలకు కొదవ లేదు. కాని కవులు వాటిని చూసిన చూపు వేరు. నెత్తురోడే వీరులు పూచిన మోదుగుల్లా ఉన్నారనడం సంస్కృతం నుండి తెలుగు దాకా వచ్చిన కవిసమయం. రంగు కనిపిస్తుంది, నొప్పి కనిపించదు. భీష్ముడి అంపశయ్య ఇంకా విచిత్రం. ఒంటి నిండా బాణాలు దిగినా ఉత్తరాయణం కోసం ఆయన యాభై ఎనిమిది రాత్రులు వేచి ఉన్నాడు. అంకె ఎప్పుడో సున్నా అయింది, సున్నా తరువాత కథ మాత్రం శాంతి, అనుశాసన పర్వాల పొడవునా సాగింది.

ఇక మా నేల మీది రాళ్ళు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతమంతా ఒకనాటి రేనాడు. తొలి తెలుగు శాసనాలుగా మనం చెప్పుకొనే కలమళ్ళ, ఎర్రగుడిపాడు శాసనాలు ఆరవ శతాబ్దంలో ఇక్కడే పుట్టాయి. ఈ సీమ పొడవునా వీరగల్లులు కనిపిస్తాయి. పశువులను తోలుకుపోయే దొంగలతోనో, పొరుగు రాజుతోనో పోరాడి పడినవారికి ఊరివారు నిలిపిన రాళ్ళవి. వాటి మీద వ్రాత ఉంటే ఒకటి రెండు పంక్తులు: ఫలానావాడు ఫలానా పోరులో పొడిచి పడ్డాడు. రెండు క్రియలతో సరి. కొన్ని రాళ్ళు మూడు అంతస్తులుగా ఉంటాయి. క్రింద పోరు, నడుమ అప్సరసలు వీరుణ్ణి మోసుకుపోవడం, పైన స్వర్గం. పోరుకూ అప్సరసలకూ మధ్య గడిచిన కాలం, అంటే దాహమూ, జ్వరమూ, పుండూ, ఏ రాతి మీదా లేవు. పైగా రాయి చచ్చినవాడికే వేస్తారు. దెబ్బలు తిని బ్రతికి, కుంటుతూ ఇంటికి వచ్చినవాడికి రాయి లేదు.

*

అలా బ్రతికినవాడి వైపునుండి లెక్క వేసినది వైద్యుడే. సుశ్రుతసంహితలో ఆయుధాల వలన కలిగే గాయాలు ఆరు. తెగినది ఛిన్నం. బల్లెం వంటిది లోపలి ఆశయాన్ని పొడిచినది భిన్నం. సన్నని మొన గుచ్చుకున్నది విద్ధం. అతిగా తెగకా అతిగా గుచ్చుకోకా రెండు లక్షణాలూ కొంత కొంత ఉన్నది క్షతం. ఎముకతో సహా నలిగినది పిచ్చితం. గీరుకుపోయి చర్మం లేచినది ఘృష్టం. మా ఊరి మాటల్లోనూ ఈ తేడాలన్నీ ఉన్నాయి: వేటు వేరు, పోటు వేరు, గాటు వేరు, కమిలిన దెబ్బ వేరు. పైకి ఏమీ కనబడకుండా లోపల బాధించేది మూగదెబ్బ.

సుశ్రుతుడి రెండవ లెక్క ఇంకా గొప్పది. శరీరంలో 107 మర్మస్థానాలు ఉన్నాయన్నాడు. వాటిని దెబ్బ తగిలిన తరువాత ఏమవుతుందన్న దానిని బట్టి అయిదుగా విభజించాడు. వెంటనే ప్రాణం తీసేవి 19. కొంతకాలానికి ప్రాణం తీసేవి 33. గుచ్చుకున్న ములుకు లోపల ఉన్నంతవరకూ బ్రతికి, పీకితే చనిపోయేవి 3. వైకల్యం కలిగించేవి 44. కేవలం నొప్పి పెట్టేవి 8. కూడి చూసుకోండి, 107 సరిపోతుంది. మనిషి మొత్తానికి ఒకే అంకె ఇచ్చి తీసివేసుకుంటూ పోవడం ఓడ లెక్క. దెబ్బ ఎక్కడ తగిలితే రేపు ఏమవుతుందని అడగడం వైద్యుడి లెక్క. నొప్పిని సైతం ఒక ఫలితంగా ఎంచి దానికొక గది కేటాయించిన ఆ చూపును నేను ఇప్పటికీ తలచుకుంటూ ఉంటాను.

*

ఇప్పుడు భుజం సంగతి.

మా ప్రాంతం పేరు చెప్పగానే బయటివారికి బాంబులూ వేటకొడవళ్ళూ గుర్తుకొస్తాయి. 1999 నాటి సమరసింహారెడ్డి మొదలుకొని 2002 నాటి ఇంద్ర దాకా వచ్చిన చిత్రాలు ఆ ఊహను స్థిరపరిచాయి. వాటిలో వీరుడికి ఎన్ని పోట్లు తగిలినా తరువాతి సన్నివేశంలో పిడికిలి బిగిస్తాడు. అతడి ప్రాణాంకాలు తరగవు. మా మేనమామకు తగిలిన దెబ్బకు ఆ వైభవమేదీ లేదు. అది ముఠా కక్ష కాదు, చేని గట్టు తగాదా. 1984 కార్తీకమాసం. అవతలివాడు కొడవలి విసిరాడు, మామ కుడి భుజం తెగింది. మామ వైపువాడెవడో కట్టె తిప్పితే అవతలివాడి ముందుపన్ను ఒకటి ఊడింది. రెండు వైపులా కేసులు పెట్టుకున్నారు.

మామకు ఆసుపత్రివారిచ్చిన గాయాల సర్టిఫికెట్టు ఇంగ్లీషులో ఉన్నది. ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. అప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. అరుగు మీద అందరినీ కూర్చోబెట్టి చదివించారు. గాయం పొడవు 10 సెంటీమీటర్లు, వెడల్పు 2, లోతు కండరం దాకా. ఎముక విరగలేదు. చివరన అభిప్రాయం: సింపుల్.

"సింపుల్ అంటే ఏంది అల్లుడా?" అన్నాడు మామ.

"సామాన్యమైన గాయమని, మామా."

"మరి అవతలోనిది?"

అది అప్పటికే వకీలు గుమాస్తా చెప్పి ఉన్నాడు. పన్ను ఊడింది గనుక గ్రీవియస్, తీవ్రమైన గాయం.

ఆ రోజు అందరూ ఆసుపత్రినే తిట్టుకున్నారు. చాలా ఏళ్ళ తరువాత చట్టం చదివినప్పుడు తెలిసింది, ఆ కాగితం వ్రాసినవారు చట్టం చెప్పినట్టే వ్రాశారని. 1860 నాటి భారత శిక్షాస్మృతి 320వ సెక్షనులో తీవ్రమైన గాయాలు ఎనిమిది రకాలు. పుంస్త్వం పోవడం, కన్ను పోవడం, చెవి పోవడం, అవయవమో కీలో పోవడం, వాటి శక్తి శాశ్వతంగా నశించడమో తగ్గడమో, తలకో ముఖానికో శాశ్వతమైన వికృతి, ఎముకో పన్నో విరగడం లేదా తొలగడం. ఎనిమిదవది ప్రాణానికి ముప్పు తెచ్చే గాయం, లేదా ఇరవై రోజుల పాటు తీవ్రమైన బాధ కలిగించిన గాయం, లేదా ఇరవై రోజులు తన మామూలు పని చేసుకోలేకుండా చేసిన గాయం. ఈ ఎనిమిదిలో లేనిది ఎంత లోతైనదైనా సామాన్యమే. కొడవలి వంటి ఆయుధంతో సామాన్య గాయం చేస్తే 324వ సెక్షను, మూడేళ్ళ దాకా శిక్ష. ఆయుధం లేకున్నా సరే, తీవ్ర గాయం చేస్తే 325వ సెక్షను, ఏడేళ్ళ దాకా.

పన్ను ఏడవ రకంలోకి చక్కగా వెళ్ళింది. మామ భుజానికి మిగిలినది ఎనిమిదవ రకం, ఇరవై రోజుల లెక్క. ఆ లెక్క ఎక్కడ తప్పిందో కూడా నాకు తెలుసు. అది శెనక్కాయ పీకే కాలం. భూమి ఆరిపోతే కాయ నేలలోనే ఉండిపోతుంది. కూలీలకు ఇవ్వడానికి చేతిలో డబ్బు లేదు. పదిహేడవ రోజున మామ కట్టు విప్పకుండానే చేనికి వెళ్ళాడు. ఎడమచేత్తో పీకాడు. దానిని ఊరంతా చూసింది. ఇక ఇరవై రోజులు పని చేయలేకపోయాడని ఎవరనగలరు?

గుమాస్తా ఈ ఇరవై రోజుల సంగతి వివరించినప్పుడు మామ అన్న మాట నేను మరవలేదు. "శెనక్కాయ పీకను పోకుండా మంచం మీద పండుకోనింటే పెద్ద గాయమైతాండె అన్నమాట" అన్నాడు. కోపంగా అనలేదు. కొత్త సంగతి ఒకటి తెలుసుకున్నవాడిలా అన్నాడు. కలిగినవాడు ఇరవై రోజులు పడుకోగలడు. లేనివాడు పదిహేడవ రోజున లేస్తాడు. వాడు లేచిన కారణంగా వాడి గాయం చిన్నదవుతుంది.

రెండు కేసులూ కొన్నేళ్ళు నడిచాయి. చివరికి ఇరువైపులా సాక్షులు మాట మార్చారు, కేసులు పోయాయి. మామ కుడిచెయ్యి మాత్రం భుజం కంటే పైకి మళ్ళీ లేవలేదు. అయిదవ రకం, అంటే అవయవశక్తి శాశ్వతంగా తగ్గడం, నిజానికి దానికి వర్తించేదే. కాని చెయ్యి ఇక లేవదని మాకు నమ్మకం కుదరడానికే రెండేళ్ళు పట్టింది. అప్పటికి కాగితం మీది మాట గట్టిపడిపోయింది. సుశ్రుతుడు భుజం మీది అంసమనే మర్మాన్ని వైకల్యం కలిగించేవాటిలో చేర్చి, అక్కడ దెబ్బ తగిలితే చెయ్యి బిగుసుకుపోతుందని చెప్పాడు. ఆ వాక్యం చదివిన నాడు పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను.

2024 జూలై 1 నుండి శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. అందులో 116వ సెక్షను ఆ ఎనిమిది రకాలనే ఉంచి, ఇరవై రోజులను పదిహేను చేసింది. పదహారు రోజులు మంచాన ఉండి పదిహేడవ రోజున లేచిన మామ ఈ లెక్కలో గీత దాటి ఉండేవాడు. నలభై ఏళ్ళు ఆలస్యం, అయిదు రోజుల తేడా.

*

ఆటలవారు కూడా ఈ చిక్కుతో కుస్తీ పడుతూనే ఉన్నారు. 1977లో వచ్చిన ట్రావెలర్ అనే ఆటలో దెబ్బ తగిలితే వేరే అంకె కాక పాత్ర బలమూ చురుకూ ఓర్పే తరుగుతాయి. 1978లో వచ్చిన రూన్‌క్వెస్ట్‌లో ప్రతి అవయవానికీ వేరు వేరు అంకెలు, చెయ్యి పోతే చెయ్యే పోతుంది. 1991లో వచ్చిన వాంపైర్‌లో అంకెలు తీసివేసి ఏడు మెట్లుగా మాటలు పెట్టారు. కమిలినవాడి దగ్గర మొదలై కదలలేనివాడి దగ్గర ఆగుతుంది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ సైతం 2008 నాటి నాలుగవ కూర్పులో అంకె సగానికి పడితే పాత్ర నెత్తురోడుతున్నట్టు ఎంచమంది. అయినా జనం ఎక్కువగా ఆడేది ఒకే అంకె ఉన్న ఆటనే. అందులో తప్పేమీ లేదు. ఆడుకోవడానికి కూర్చున్నవాడు పదిహేడు రోజులు మంచాన పడటానికి రాడు కదా!

ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళలో మిల్లీగ్రాములు తూచే త్రాసులున్నాయి. గాయాన్ని తూచడానికి అటువంటి త్రాసు లేదు. ఎవరి పనికి తగిన త్రాసు వారు చేసుకున్నారు. ఆటకు కథ ఆగకుండా ఉండటం కావాలి, చట్టానికి సెక్షను కావాలి, రాతికి కీర్తి కావాలి, వైద్యుడికి రేపటి సంగతి కావాలి. ఈ త్రాసుల్లో మామ పదిహేడవ రోజు దేనిలోనూ తూగలేదు.

ఆ రోజు ఆట ముగిసే ముందు కథకుణ్ణి ఆపి, నా బాకీ తీర్చుకున్నాను. దెబ్బ కుడి భుజం మీద తగిలిందనీ, కండ దాకా తెగిందనీ, ఎముక విరగలేదనీ, ఈ ముసలివాడు ఇకమీద కుడిచేతిని భుజం పైకి ఎత్తలేడనీ చెప్పాను. పిల్లలు కొంచెం ఇబ్బందిగా చూశారు. "అట్లాంటి నియమమేమీ లేదు మామా, 14 ఉన్నా 22 ఉన్నా ఒకటే, నువ్వు మామూలుగా కొట్టొచ్చు" అన్నాడు అల్లుడు. "మీకు లేకపోతే పోనీ, నా వాడికి ఉంది" అన్నాను. మిగిలిన ఆటంతా నా యోధుడు ఎడమచేత్తోనే కత్తి పట్టాడు. పెద్దగా గెలిచిందేమీ లేదు.

మామ పోయి చాలా కాలమైంది. ఆయన తుండుగుడ్డ ఎప్పుడూ ఆ కుడి భుజం మీదే ఉండేది, దానిని అక్కడికి ఎడమచేత్తోనే వేసుకునేవాడు. మీ ఇళ్ళలోనూ ఇటువంటి భుజాలూ మోకాళ్ళూ ఉంటే, వాటి కథ తెలిసినవారు ఉండగానే అడిగి వ్రాసి పెట్టుకోండి.